తవిటయ్య మళ్ళీ ఆసుపత్రికి రాలేదు

టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగ జీవితమంతా డైటీషియన్‌గా పనిచేశాను. రోగి ఏం తినాలో, ఏం మానాలో చెప్పడం నా పని. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసి, "మీ అనుభవాలు రాసి ఇవ్వండి మేడమ్, మాలాంటి కొత్తవాళ్ళకి పనికొస్తాయి" అంది. నాకు జరిగిన సన్మానాల వల్ల, పెరిగిన జీతాల వల్ల ఆమెకు ఉపయోగం లేదు. పనికొచ్చేది ఒక్కటే కనబడింది. తవిటయ్య అనే వంటమేస్త్రి మా దగ్గరికి రావడం ఎందుకు మానేశాడో చెప్పడం. మిగిలినవన్నీ దాని చుట్టూ ఉన్నవే. ఇందులో నేను గొప్పగా కనబడే చోటు లేదు కాబట్టి దాని కోసం వెతకవద్దు.

మావారు పోయి ఏడాది దాటింది. ఆయన కాలేజీలో తెలుగు చెప్పేవారు. నేను ఏది రాసినా చదివి, కాస్త అందంగా ఉన్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి "ఇది తీసెయ్" అనేవారు. ఇప్పుడు ఆ గీతలు నేనే గీసుకుంటున్నాను. రాసింది పొడిగా ఉంటే కారణం అది.

ఆ సముద్రం, ఈ సముద్రం

మా పెద్ద డాక్టరుగారు గుండె వైద్యుడు. హస్తవాసి మంచిది, మాట కరుకు. ఒకసారి విదేశంలో ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి నన్ను పిలిపించారు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఊళ్ళలో వెనకటి రైతులు, జాలర్లు ఎలా తినేవారో ఉత్సాహంగా చెప్పారు.

"వాళ్ళేం డబ్బున్నవాళ్ళు కాదమ్మా. మాంసం ఎప్పుడో పండక్కి. రోజూ తినేది చేపలు, పప్పుగింజలు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యం. వంటకి ఆలివ్ నూనె. తీపి తినాలనిపిస్తే పండు. నలుగురూ కలిసి కూర్చుని నిదానంగా తినేవారు. గుండెలు గట్టిగా ఉండేవి. మనవాళ్ళకి ఇదే చెప్పాలి. ఒక కార్డు తయారుచెయ్యండి."

ఇంటికెళ్ళి దాని గురించి దొరికినంత చదివాను. చదివేకొద్దీ అది మనకు పరాయి తిండిలా అనిపించలేదు. మూలపేట వైపు నుంచి వచ్చే కవళ్ళు, కానగంతలు మంచి నూనె ఉన్న చేపలే. ఉలవలు, బొబ్బర్లు, పెసలు ఉండనే ఉన్నాయి. పెరట్లో తోటకూర, మునగాకు. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ. జామ, బొప్పాయి. ఉద్దానం తోటల్లో జీడిపప్పు. మా అత్తగారు మాకు పెట్టిన తిండి ఇంచుమించు ఇదే. మన కళ్ళ ముందే అది పోయి మూడు పూటలా తెల్లన్నం, పామాయిలు వేపుళ్ళు, సాయంత్రం మిక్చరు పొట్లం వచ్చాయి. కాబట్టి ఆలివ్ నూనె బదులు నువ్వుల నూనె, వేరుశనగ నూనె అని కార్డు మీద రాసుకొచ్చాను. తక్కువ పొయ్యండి అని కూడా రాశాను.

డాక్టరుగారు ఆ రెండు నూనెలూ కొట్టేశారు.

"నువ్వుల నూనె అంటే ఎవరు లెక్కచేస్తారమ్మా? ఇంట్లో ఉన్నదే కదా అంటారు. ఆలివ్ అని ఉంటే చెవి పెట్టి వింటారు."

ఆయన అన్నది అబద్ధం కాదు. విన్నారు. ఏం విన్నారన్నదే సమస్య.

పిల్లలకి రాసే నూనె

మా కింది అంతస్తు మందుల షాపులో ఆలివ్ నూనె సీసాలు పెట్టించారు. మన వైపు ఆ సీసా తెలియనిది కాదు. పసిపిల్లలకు స్నానానికి ముందు ఒళ్ళంతా రాసే నూనె అది. నందిగాం నుంచి వచ్చిన ఒక పెద్దామె సీసాను నా గదికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగింది:

"ఇది మా మనవరాలికి రాసీ నూని కాదేటమ్మా? ముసిలోడికి రాయమంతారా?"

"రాయడానికి కాదు, తినడానికి."

"తింతే మరి ఒంటికెవులు రాత్తారు?"

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత జరిగినది నవ్వేది కాదు. ఎక్కువమంది ఆ నూనెను మందుగా తీసుకున్నారు. పొద్దున్నే పరగడుపున ఒక చెంచా తాగేవారు. తాగేశాం కదా అని సాయంత్రం ధైర్యంగా బజ్జీలు తినేవారు. ఇంకొందరు పామాయిల్‌తో ఎప్పటిలాగే కూర వండి, దించాక దాని మీద ఆలివ్ నూనె పోసేవారు. గుండె కోసం చెప్పిన సలహా వల్ల వాళ్ళ పొట్టలోకి నూనె ఇంకా పెరిగింది.

డాక్టరుగారికి ఒకసారి చెప్పాను. "మీరు సరిగ్గా చెప్పడం లేదు" అన్నారు. రెండోసారి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట ఇది. దేన్నయినా తినమనే ముందు అది దేని బదులో చెప్పండి. తీసేది చెప్పకుండా వేసేది చెప్పకండి.

అందరికీ ఒకే కార్డు కాదు

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఉద్దానంలో ఏ ఇంట్లో చూసినా కిడ్నీ మాట వినబడుతుంది. గుండెకు మంచివని చెప్పే గింజలు, పప్పులు, కొన్ని పళ్ళు చెడిపోయిన కిడ్నీకి బరువవుతాయి. రక్త పరీక్ష కాగితం చూడకుండా ఆ కార్డు ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. ఈ విషయంలో నేను జాగ్రత్తగానే ఉన్నాను. జాగ్రత్త చెప్పే తీరులోనే తప్పాను.

మన వైపు రోగిని చూడడానికి వచ్చేవాళ్ళు కొబ్బరి బొండాలు తెస్తారు. ఒక కిడ్నీ రోగి మంచం కింద బొండాలు గుట్టగా ఉన్నాయి. అతని మావ అప్పటికే ఒకటి కొట్టి గ్లాసులోకి వంపుతున్నాడు. వద్దన్నాను.

"మా తోటలోయే కదమ్మా. మందేటీ కొట్టనేదు. అలిసిపోనాడు, రెండు గుటకలు తాగనీ."

"తాగితే అతనికి ప్రమాదం."

"మా బొండాం తాగితే మనిషి పోతాడంతావేటి?"

"పోతాడు" అన్నాను, వార్డంతా వినబడేలా.

ఆ పెద్దాయన గ్లాసు కింద పెట్టి బొండాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆ రోగి భార్య, మేనల్లుణ్ణి చూడడానికి ఆయన మళ్ళీ రాలేదని నాతో చెప్పుకుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు; నేను చెప్పింది నిజమే. అదే మాట వరండాలోకి తీసుకెళ్ళి చెప్పొచ్చు. నాకప్పుడు అది తోచలేదు. అందరి ముందూ చెబితే అందరికీ తెలుస్తుంది, మంచిదే కదా అనుకున్నాను.

తవిటయ్య

తవిటయ్యది కంచిలి దగ్గర ఒక పల్లె. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, పెద్దకర్మలకీ వంటలు చేసేవాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. అతని పనసపొట్టు కూర గురించి, జీడిపప్పు కూర గురించి ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. గాడిపొయ్యి ముందు నిలబడి ఉండగానే గుండెపోటు వచ్చింది. సమయానికి తీసుకొచ్చారు. స్టెంట్ వేశారు. ఇంటికి పంపే రోజున అతనూ భార్య దాలమ్మా నా గదిలో కూర్చున్నారు. కార్డు చదివి వినిపించాను. అంతా శ్రద్ధగా విని అడిగాడు:

"ఎన్నాల్లు పత్యం మేడమ్మా?"

పత్యం అంటే మనవాళ్ళకు మహా గట్టి పట్టుదల. మందు తిన్నన్నాళ్ళు పులుపు ముట్టరు, వంకాయ ముట్టరు. గడువు తీరిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, మానేసినవన్నీ వండుకుని పత్యం విడుస్తారు. ఇది నాకు తెలుసు. జీవితాంతం అంటే భయపడతాడని, "ముందు ఒక మండలం చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాను.

చేశాడు. వంటమేస్త్రి అయ్యుండి చారు కూడా నాలుక మీద వేసుకోలేదు. తన తోడికోడల్ని పిలిచి ఆమె చేత ఉప్పు చూపించేవాడని దాలమ్మ చెప్పింది. మండలం అయిపోగానే యాటను కోసి చుట్టాలందరికీ భోజనాలు పెట్టాడు. మర్నాడు నా గదికి వచ్చి, ఏదో పరీక్ష పాసైనవాడిలా నవ్వుతూ చెప్పాడు.

"పత్యం ఇడిసినాను మేడమ్మా. ఒక్క పూటా తప్పనేదు. సూడండి, దీన్నడగండి."

"విడిచావా? విడవమని ఎవరన్నారు?"

"మండలమన్నారు గదమ్మా."

నేను గొంతు పెంచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ఆ గుండె నీది కాదు మా డాక్టరుగారు పెట్టింది అన్నది మాత్రం గుర్తుంది. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వడం వినబడింది. తవిటయ్య ముఖంలో నవ్వు పోయింది. వంటకు వెళ్ళిన చోట తాను తినక తప్పదని నెమ్మదిగా చెప్పాడు.

"ఆకరి బంతిలో మేస్త్రి కూకోవాలమ్మా. పెల్లోరితో పాటు మేవూ తినాలి. నాను సేసిన కూర నానే తినకపోతే, ఇందులో ఏటి కలిపీసినాడో అనుకుంతారు. మరో పెల్లికి పిలవరు."

"అయితే ఆ పని మానెయ్యి."

అతను దాలమ్మ వైపు చూశాడు.

"మానీసి ఏటి సేత్తాడమ్మా?" అంది ఆమె. తగవులా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు.

తర్వాతి మనిషిని పిలిచాను.

సంతకం

నేను అరవగలనని డాక్టరుగారు కనిపెట్టారు. "మీ గదిలోంచి ఎవరూ తప్పించుకోకూడదు" అని ఒక పద్ధతి పెట్టారు. ఆయన రాసిన చీటీ మీద నేను సంతకం చేస్తేనే కింద షాపులో మాత్రలు ఇస్తారు. రోగి ముందు నా దగ్గరికి రావాలి, నిన్న ఏం తిన్నాడో చెప్పాలి, చీవాట్లు తినాలి, సంతకం పెట్టించుకోవాలి. ఈ ఏర్పాటు నాకు గౌరవంగా తోచింది. నన్ను చూసి జనం భయపడుతున్నారని తెలిసినప్పుడు నాకు లోపల సంతోషంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కొన్నాళ్ళకే రోగులందరూ ఒకే తిండి తినడం మొదలుపెట్టారు. "పొద్దున సోడి అంబలి, మద్దేనం దంపుడు బియ్యం, తోటకూర పప్పు, సేప పులుసు, రాత్రికి జాంపండు." కాశీబుగ్గలో బట్టల కొట్టు ఆయనా అదే చెప్పేవాడు, సంతబొమ్మాళి నుంచి వచ్చే కూలీ అదే చెప్పేవాడు. వర్షాలకు వేట ఆగిపోయి ఊళ్ళో చేపలే లేని రోజుల్లో కూడా చేప పులుసే. కార్డు కంఠస్థం చేసి అప్పజెబుతున్నారని నాకు తెలుసు. తెలిసి సంతకం పెట్టేదాన్ని. బరువు తగ్గదు, రక్తపోటు తగ్గదు, కాగితాల మీద మాత్రం మా ఊరంతా ఆరోగ్యంగా తింటోంది. డాక్టరుగారు ఆ కాగితాలు చూపించి ఎక్కడో మాట్లాడి వచ్చారు కూడా.

అబద్ధం చెప్పేవాళ్ళను నేను తప్పుపట్టను. నిజం చెబితే ఏం జరుగుతుందో వాళ్ళు బెంచీ మీద కూర్చుని విన్నారు.

తవిటయ్యకు మాత్రం అప్పజెప్పడం చేతకాలేదు. ప్రతిసారీ, "ఇంట్లో మీరు సెప్పినట్టేనమ్మా, బయట మాత్రం తిన్నాను" అనేవాడు. ప్రతిసారీ తిట్లు తిని సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. నిజం చెప్పే ఒకే ఒక్క రోగిని నేను అందరికంటే ఎక్కువ తిట్టాను.

చివరి బంతి

మా ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్ళి సోంపేట దగ్గర జరిగింది. నేనూ మావారూ వెళ్ళాం. వంట తవిటయ్యది. మాకు బస్సు ఆలస్యమై భోజనాలకు వెళ్ళేసరికి చివరి బంతి నడుస్తోంది. పెళ్ళివారు, వంటవాళ్ళు, వడ్డించినవాళ్ళు వరుసగా కూర్చున్నారు. మధ్యలో తవిటయ్య. అతని విస్తరి నిండా ఉంది. జీడిపప్పు కూర మీద నూనె తేలుతోంది. పెళ్ళికూతురి మేనమావ పక్కనే నిలబడి, "మేస్త్రీ, ఇంకో గరిట" అంటూ కొసరి కొసరి వేస్తున్నాడు.

తవిటయ్య తలెత్తి నన్ను చూశాడు. అతని చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

నేను ఊరుకోవలసింది. ఊరుకోవడం ఎంతసేపటి పని. కానీ అందరూ నన్ను పలకరిస్తున్నారు. డైటీషియన్ మేడమ్ వచ్చారు, జాగ్రత్తగా తినండర్రా అని ఎవరో హాస్యమాడారు. నేనూ హాస్యంగానే అన్నాను:

"ఏం తవిటయ్యా, రేపు నా దగ్గరికొచ్చి అంబలి తాగానని చెబుతావా? ఈ విస్తరి చూస్తే మీ ఆవిడ నీకు ఇంకో గుండె కొనుక్కురావాల్సిందే."

బంతి బంతంతా నవ్వింది. మేనమావ గరిట పట్టుకుని మరీ నవ్వాడు.

తవిటయ్య విస్తరి మడిచాడు. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. పక్కవాళ్ళ నవ్వు అప్పుడు ఆగింది. బంతిలో అందరూ తింటుండగా మధ్యలో లేవడం మనవాళ్ళలో మామూలు విషయం కాదు. పైగా లేచినవాడు ఆ వంట చేసినవాడు. తన వంట దగ్గర్నుంచి తానే లేచిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. టెక్కలి దగ్గరపడుతుండగా అన్నారు.

"అతను విస్తరి ముందు నుంచి లేచాడు."

"తినకూడనిది తింటుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఆయన పద్ధతి అదే. కింద గీత గీసి వదిలేసేవారు.

ఆ తర్వాత తవిటయ్య ఆసుపత్రికి రాలేదు. రాకపోవడాన్ని నేను మొదట గమనించలేదు కూడా. బెంచీ మీద జనం ఎప్పుడూ ఉండేవారు. వాళ్ళ ఊరి మనిషి ఒకతను వచ్చినప్పుడు, మేస్త్రి ఎలా ఉన్నాడని యథాలాపంగా అడిగాను.

"తవిటయ్య మేస్త్రా? పోనాడు కదమ్మా. మీకు తెల్దేటి? పెద్దకర్మ కూడా అయిపోనాది."

నేను ఆ ఊరు వెళ్ళలేదు. తిండి మానుకోలేకే చనిపోయాడని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం ముగిసే వరకు అదే నమ్ముకున్నాను.

పొయ్యి

నేను విరమించిన కొద్దికాలానికి మావారు పోయారు. ఆ తర్వాత నా తిండి ఎలా అయిందో కొత్తవాళ్ళు తెలుసుకోవడం మంచిది. ఒక్క మనిషికి అన్నం వండుకోవడం నాకు చేతకాలేదు. బియ్యం కొలిచేటప్పుడే చెయ్యి ఆగిపోయేది. బ్రెడ్డు తెచ్చుకునేదాన్ని. మిక్చరు, బిస్కట్లు, పచ్చడి. టీవీ ముందు నిలబడి తినేసిన రోజులున్నాయి. రోగులకు నేను వద్దని చెప్పిన ప్రతిదీ తిన్నాను. వద్దని తెలియకనా? తెలియడం ఒకటి, పొయ్యి వెలిగించడం ఒకటి. ఈ తేడా నాకు ఉద్యోగంలో తెలిసి ఉంటే బాగుండేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న దాలమ్మ మా గుమ్మంలో నిలబడింది. మొదట గుర్తుపట్టలేదు. బాగా చిక్కిపోయింది.

"తవిటయ్య మేస్త్రి ఇల్లాలినమ్మా. ఊల్లో నర్సమ్మ బీపీ సూసి, ఎక్కువున్నాది, టెక్కలి ఎల్లమన్నాది. ఆ ఆసుపత్రిలో నాకు తెలిసినోలు మీరొక్కలే. మీరిప్పుడు అక్కడ నేరంట కదా. ఇల్లెక్కడో అడుక్కోని వచ్చినాను."

మంచినీళ్ళు తేవడానికి నేను లేచేలోపే ఆమె వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు తాగి, అక్కడే నిలబడిపోయింది. గట్టు మీద బ్రెడ్డు పొట్లం, విప్పి మడిచిన మిక్చరు పొట్లాలు. పొయ్యి మీద దుమ్ము.

"ఏటి మేడమ్మా, పొయ్యి ఎలిగించనేదా?"

"ఆకలి లేదు దాలమ్మా."

"ఎన్నాల్నించి?"

ఆమె వచ్చి కింద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వద్దంది. నేనే అడిగాను, తవిటయ్య చివరిదాకా అలాగే తిన్నాడా అని.

"ఎక్కడ తిన్నాడమ్మా? ఇంట్లో మీ కార్డు తప్పనేదు. సోడి అంబలే తాగీవోడు. కూరలో నూని సగానికి సగం నానే తగ్గించీసినాను. పిల్లలూ అదే తినీవోలు, గొణుక్కుంతూ. బంతిలో కూకున్నప్పుడు రెండు ముద్దలు తినీవోడు, అంతే. ఆ రోజు పెల్లోరు ఒద్దంతే ఇనకండా ఏసీసినారు."

"మరి?"

"ఆ పెల్లి కాడ్నించి ఆసుపత్రంతే ఒద్దనీవోడు. మేడమ్ గోరికి మొకమెలగ సూపించనే అనీవోడు. ఎల్దాం పదా అంతే, రేపెల్దాం అనీవోడు. మాత్రలు ఊరి కొట్లో కొన్నాల్లు తెచ్చినాము. ఆ కొట్టోడు, సీటీ పాతదైపోనాది, కొత్తది రాయించుకోని రమ్మన్నాడు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "రాయించుకోడానికి ఎల్లనేదు."

స్టెంట్ వేసిన మనిషి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆ మాత్రలు తనంతట తాను మానకూడదు. ఆ సంగతి ఆసుపత్రిలో తుడిచే మనిషికి కూడా తెలుసు. తిండి గురించి నేను చెప్పింది అతను చేశాడు, ఒక వంటమేస్త్రి చేయగలిగినంతా చేశాడు. కొత్త చీటీకి నా సంతకం కావాలి, దానికి నా గదిలోకి రావాలి. ఆ ఒక్క పనీ చేయలేకపోయాడు.

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"అన్నారు కదా" అంది దాలమ్మ. అందులో కోపం లేదు. ఓదార్పు కూడా లేదు.

నా వైపు తిరిగి చెప్పింది. "నానూ అదే అడుగుదామని వచ్చినాను. అక్కడ తిడతారేటి? తిడితే మల్లా ఎల్లను. ముందే సెప్తన్నాను."

తలుపు

ఆమెతో నేనూ వెళ్ళాను. కొత్త డాక్టరు చూసి చీటీ రాశాడు. నా పాత గదిలోకి వెళ్ళాం. మొదట చెప్పిన అమ్మాయి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. బయట బెంచీ మీద జనం మా వైపే చూస్తున్నారు. ఆమె దాలమ్మను అడిగింది:

"నిన్న ఏం తిన్నారమ్మా?"

దాలమ్మ నా వైపు ఒకసారి చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది.

"పొద్దున సోడి అంబలి. మద్దేనం దంపుడు బియ్యం, తోటకూర పప్పు, సేప పులుసు. రాత్రికి జాంపండు."

ఒక్క మాట తేడా లేదు. నేను రాసిన కార్డే. ఎప్పుడో భర్త పక్కన కూర్చుని విన్నది ఆ గదిలో క్షేమంగా బయటపడడానికి దాచుకుంది. అమ్మాయి రాసుకుంటోంది. సంతకం పెట్టేస్తుంది. దాలమ్మ అబద్ధానికి తగిన మందు పట్టుకుని ఊరికి వెళ్తుంది, తర్వాత అదీ మానేస్తుంది.

"నేను కూడా చెప్తాను, రాసుకో అమ్మా" అన్నాను. "నిన్న పొద్దున్న టీలో బ్రెడ్డు. మధ్యాహ్నం ఏమీ తినలేదు. సాయంత్రం మిక్చరు, ఒక పొట్లం మొత్తం. రాత్రి నాలుగు క్రీము బిస్కట్లు తిని పడుకున్నాను. మొన్న కూడా అంతే."

అమ్మాయి కలం ఆగిపోయింది. బెంచీ మీద ఎవరో, "మన పాత మేడమేనేటి?" అనడం వినబడింది. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళు నా ఎదుట కూర్చున్నవాళ్ళకు ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చి కూర్చుంది. నా ఉద్యోగమంతటిలో ఆ తలుపు నేనెప్పుడూ వేయలేదు.

దాలమ్మ నా ముఖంలోకి చూసింది. అది నేను తన కోసం కల్పించి చెప్పిన మాట కాదని వంటింట్లో చూసిందే కాబట్టి తెలుసు. అమ్మాయి వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"అంబలి కాదమ్మా. సల్దన్నంలో ఎండు సేప కాల్చుకు తిన్నాను. మద్దేనం కూడా అదే. రాత్రి ఊరగాయ. ఆయన పోయిన కాడ్నించి కూర ఒండనేదు. పిల్లలు పనికెల్లిపోనారు, ఒక్కదాన్నీ. ఎవులికని ఒండను?"

ఉప్పు చేపలు, ఊరగాయ. రక్తపోటు ఎందుకు పెరిగిందో ఒక్క నిమిషంలో తెలిసింది. అమ్మాయి కార్డు పక్కకు నెట్టి, పక్కింట్లో ఎవరెవరున్నారు, వారానికి ఎన్ని రోజులు ఆ వైపు పచ్చి చేపలు వస్తాయి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి వండుకునే వీలుందా అని అడగడం మొదలుపెట్టింది. నేను కల్పించుకోలేదు.

బస్టాండుకి నడిచాం. మాత్రల పొట్లం దాలమ్మ జాకెట్లో దోపుకుంది. కంచిలి బస్సు ఇంకా రాలేదు. దాలమ్మ రోడ్డు వైపు చూస్తూ అంది:

"ఆయనున్నప్పుడే ఇలగడిగుంతే ఏటి పోయీది మేడమ్మా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. బస్సు వచ్చింది. మెట్టు ఎక్కి, కడ్డీ పట్టుకుని, మాత్రలు అయిపోయేలోపు ఏ వారం రావాలో మళ్ళీ ఒకసారి అడిగింది. చెప్పాను.